నారు మన చేతిలో ఉండాలంటే: ఎత్తు మళ్ళపై కమాను కప్పులు

(రైతు సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మాట్లాడబోయేది వాటి ముందు చాలా చిన్న విషయంలా కనపడుతుంది. నాలుగు వెదురు బద్దలు, ఒక వల, మూడడుగుల మడి. దీన్ని సంఘం తరగతిలో ఎందుకు పెట్టారని కొందరు అడిగారు కూడా. టమాటా, మిరప, వంగ పెట్టే చిన్న రైతు చేతిలోంచి మొదట విత్తనం జారిపోయింది, దాని వెనకే నారు జారిపోయింది. విత్తనం సంగతి ఇంకో రోజంతా మాట్లాడుకోవాల్సినంత ఉంది. నారును మాత్రం రేపే మన పెరట్లోకి తిరిగి తెచ్చుకోవచ్చు. అందుకే పెట్టాం.

మన పెద్దల కాలంలో నారు కొనడం అనే మాటే లేదు. బావి గట్టున ఒక మడి, అందులో గుప్పెడు విత్తనాలు, తాను నాటుకోగా మిగిలింది పక్క చేనువాళ్ళకు. ఆ అలవాటు మనం బద్ధకంతో మానుకోలేదు. మడిలో పెంచిన నారు చేలో పెట్టిన ఇరవై రోజులకే ముడుచుకుపోవడం మొదలయ్యాక మానుకున్నాం. సరిగ్గా ఆ సమయానికి ప్రోట్రేలు, కొబ్బరి పొట్టు, షేడ్‌నెట్లతో నర్సరీలు వచ్చాయి. మొక్క ఇంత అని లెక్కపెట్టి ఇస్తారు, వేరు తెగదు, నాటిన వెంటనే పట్టుకుంటుంది. నర్సరీలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. శ్రద్ధగా నారు పెంచి, రసీదు రాసిచ్చే వాళ్ళను మేము చూశాం.

కానీ అదును మన చేతిలో లేకుండా పోయింది. నెల ముందు అడ్వాన్సు కట్టాలి. వాన వెనకబడితే నారు ట్రేలోనే ముదిరిపోతుంది, ముదిరిన నారునే తెచ్చి నాటుకోవాలి. వాన ముందే పడితే నారు దొరకదు, ఎక్కడ దొరికితే అక్కడ ఏ రకమో తెలియకుండా కొనాలి. మా ఊళ్ళో ఒక ఏడాది ఏడు కుటుంబాలు ఒకే చోట మిరప నారు తెచ్చాయి. ఆకు అడుగున తెల్లదోమ ట్రేలతో పాటే వచ్చింది. వెళ్ళి అడిగితే ‘మా దగ్గర బాగానే ఉంది, మీ చేలోనే తగులుకుంది’ అన్నారు. బిల్లు ఎవరి దగ్గరా లేదు. ఉద్యాన నర్సరీలు రిజిస్టర్ చేసుకోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. చేతిలో కాగితం ముక్క లేనివాడికి ఆ చట్టం ఏం చేస్తుంది? నారు కొన్నా సరే, రకం పేరు, తేదీ రాసిన బిల్లు లేకుండా ట్రే ఎత్తొద్దని ఈ సందర్భంగా చెబుతున్నాం.

ఇక అసలు విషయం. టమాటాలో ఆకుముడత, మిరపలో బొబ్బర, రెండూ వైరస్ తెగుళ్ళే. రెండింటినీ మోసుకొచ్చేది తెల్లదోమ. వైరస్ ఎక్కిన మొక్కను బాగుచేసే మందు ఏ డబ్బాలోనూ లేదు. మనం కొట్టేవన్నీ దోమకు కొట్టే మందులే. అది కూడా దోమ రసం పీల్చి, వైరస్ అంటించి పోయాక కొడుతున్నాం. మొక్క ఎంత లేతప్రాయంలో జబ్బు పడితే నష్టం అంత ఎక్కువ. కాపు మీదున్న చెట్టుకు తగిలితే నాలుగు కోతలన్నా దక్కుతాయి. నారులోనే తగిలితే ఆ మొక్క పూతకే రాదు. కాబట్టి టమాటాకు మొదటి 25, 30 రోజులు, మిరపకు 35, 40 రోజులు దోమ ముట్టకుండా కాపాడగలిగితే పెద్ద గండం గట్టెక్కినట్టే. ఎకరం చేనును దోమనుంచి మూసిపెట్టలేం. నాలుగు మళ్ళను మూసిపెట్టగలం.

మడి సంగతి ముందు చూద్దాం. కప్పు గురించి ఆరాటపడి మడిని నిర్లక్ష్యం చేస్తే లోపల నారుకుళ్ళు వస్తుంది. వెడల్పు మీటరు, అంటే మూడుంపావు అడుగు. ఇటు నుంచి చెయ్యి చాపితే మడి సగం దాకా, అటు నుంచి చాపితే మిగతా సగం అందాలి. ఎత్తు అర అడుగు, రెండు బెత్తెలు. పొడవు మీ ఇష్టం, మేము ఇరవై అడుగులు పెట్టాం. మడికీ మడికీ మధ్య అడుగున్నర కాలువ. గాలి ఎటు వీస్తుందో మడి పొడవు అటే ఉంచండి, లేకపోతే గాలి కప్పు నడుం మీద కొడుతుంది. పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, తడి చేసి, నీడలో రెండు వారాలు మాగబెట్టండి. దాన్ని మళ్ళలో కలపండి, మిగిలింది చేనుకు వాడుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మడి ఖాళీగా ఉంటే బాగా తడిపి, పల్చటి తెల్ల పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండకు వదిలెయ్యండి. మన రాయలసీమ ఎండ మనకు ఉచితంగా చేసిపెట్టే మేలు ఇదొక్కటే. కలుపు విత్తనం, తెగులు బీజం చాలావరకు ఆ వేడికి చస్తాయి.

విత్తనం చల్లొద్దు. మడికి అడ్డంగా నాలుగు అంగుళాలకొక గీత గీసి, గీతలో అంగుళానికి ఒక గింజ వెయ్యండి. ఇరవై అడుగుల మడికి అరవై గీతలు, గీతకు దాదాపు నలభై గింజలు. రెండు వేల నాలుగు వందలు. మొలవనివి, బలహీనమైనవి తీసేస్తే పంతొమ్మిది వందల మొక్కలు నిలుస్తాయనుకోండి. ఏడు వేల ఐదు వందల మొక్కల టమాటాకు నాలుగు మళ్ళు చాలు. ఒత్తుగా చల్లి, పైన వల కప్పితే గాలాడక నారు పొడవుగా సాగి, మొదలు కుళ్ళి పడిపోతుంది. కప్పు కింద పెంచే నారుకు ఎడం చాలా ముఖ్యం.

ఇప్పుడు కమాను. మడి వెడల్పు మూడుంపావు అడుగు కాబట్టి సగం గుండ్రానికి అయిదుంపావు అడుగుల బద్ద పడుతుంది. రెండు వైపులా అడుగు చొప్పున భూమిలోకి దిగాలి. మొత్తం ఏడుంపావు అడుగుల బద్ద. మధ్యలో ఎత్తు అడుగున్నర పైచిలుకు వస్తుంది, మోకాలి దాకా. నారుకు అది సరిపోతుంది. ఎండాకాలంలో పెంచేవాళ్ళు బద్ద అడుగు ఎక్కువ పెట్టుకోండి, కప్పు ఎత్తు పెరిగితే లోపల వేడి తగ్గుతుంది.

వెదురు మన దగ్గర మేదర అన్నలు చీల్చి ఇస్తారు. మంచి బొంగు ఒకటి ఇరవై రెండు అడుగులుంటే మూడు ముక్కలు, ముక్కకు ఆరేడు బద్దలు, ఇరవై దాకా కమాన్లు వస్తాయి. మూడడుగులకు ఒకటి చొప్పున మడికి ఎనిమిది, నాలుగు మళ్ళకు ముప్పై రెండు. రెండు బొంగుల పని. పచ్చి వెదురైతే నేరుగా వంగుతుంది. ఎండినదైతే రాత్రంతా నీళ్ళ తొట్టిలో నానబెట్టండి. వంచేటప్పుడు పట్ట ఉన్న వైపు బయటికి ఉండాలి, లోపలికి పెడితే పుటుక్కున విరుగుతుంది. కణుపుల దగ్గర కొడవలితో నున్నగా చెక్కండి. చెక్కడం సరిగా లేకపోతే రెండో రోజు గాలికే వల చిరుగుతుంది. దీనికి మా వాళ్ళు కనిపెట్టిన ఉపాయం, పాత డ్రిప్ లేటరల్ గొట్టాన్ని బద్దకు తొడగడం. పాడైపోయి చేని గట్టున పడేసిన గొట్టాలు ప్రతి ఊళ్ళో కుప్పలున్నాయి. ఒట్టి గొట్టం నిలబడదు, బద్ద మీద తొడిగితే బద్దకు చెద పట్టదు, వలకు గీరుకోదు. వెదురు దొరకని చోట వావిలి బరికెలు వాడారు. బుట్టలు అల్లే వావిలే. పచ్చిగా ఉన్నప్పుడు ఎటు చెబితే అటు వంగుతుంది. ఒక కాలం పనికొస్తుంది, రెండో కాలానికి విరుగుతుంది.

కమాన్లు దించాక నడినెత్తిన ఒక పురికొస, మొదటి కమాను నుంచి చివరిదాకా, ఒక్కో కమానుకు ఒక మెలిక. రెండు కొసలా మేకు కొట్టి బిగించి కట్టాలి. ఆ తాడు లేకపోతే కమాన్లు ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి.

వల గురించి జాగ్రత్తగా వినండి. షాపుకు పోయి ‘నెట్ కావాల’ంటే పచ్చటి షేడ్‌నెట్ చేతికిస్తారు. అది నీడకు. దాని గళ్ళలోంచి తెల్లదోమ పెళ్ళివారిలా లోపలికి పోతుంది. మనకు కావలసింది పురుగుల వల, తెల్ల నైలాన్‌ది, 40 మెష్. అంటే అంగుళంలో 40 గళ్ళు. షాపులోనే స్కేలు పెట్టి లెక్కపెట్టండి, సిగ్గుపడొద్దు. పావు అంగుళంలో పది గళ్ళుండాలి. ఆరో ఏడో ఉంటే అక్కడే వదిలేసి రండి. 50 మెష్ దోమను ఇంకా బాగా ఆపుతుంది గానీ గాలి తగ్గి లోపల ఉక్కపోస్తుంది, ఎండాకాలానికి మేము 40నే వాడతాం.

ఇందాక ఒక అక్క అడిగింది, ఇంట్లో పాత దోమతెర ఉంది, అది వాడుకోవచ్చా అని. వద్దక్కా. అది మనల్ని కుట్టే దోమకు తయారుచేసిన తెర, గళ్ళు పెద్దవి. తెల్లదోమ దానికన్నా ఎంతో చిన్నది. పల్చటి పాత వాయిల్ చీర దానికన్నా నయం. పెరట్లో ఒక చిన్న మడి వరకు చీరతో నడిపిన వాళ్ళున్నారు. వాన పడితే బరువెక్కి కుంగుతుంది, వెలుతురు తగ్గుతుంది, అంతవరకు తెలిసి వాడుకోండి.

ఇరవై అడుగుల మడికి ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై ఏడు అడుగుల పొడవు వల కావాలి. రెండు కొసలా మిగిలిన గుడ్డను చాక్లెట్ కాగితం మెలిపెట్టినట్టు మెలిపెట్టి మేకుకు కట్టాలి. పక్కల అంచులు నాలుగు అంగుళాల కాలి తీసి మట్టితో పూడ్చాలి. రాళ్ళు పెట్టి ఊరుకుంటే రాయికీ రాయికీ మధ్య సందు ఉంటుంది. సందున్న వల ఒక్కోసారి వల లేనిదానికన్నా హాని. లోపలికి దూరిన దోమ బయటికి పోలేదు, దాన్ని తినే సాలీడు, అక్షింతల పురుగు లోపలికి రాలేవు. హాయిగా పిల్లల్ని పెడుతుంది. అందుకే విత్తనం వేసిన రోజే వల కప్పాలి. మొలకలు వచ్చాక కప్పుదాంలే అంటే దోమను లోపల పెట్టి తలుపు వేసినట్టు. గాలివాన కాలమైతే వల మీంచి కమానుకూ కమానుకూ మధ్య అడ్డంగా ఒక తాడు లాగి కట్టండి.

నీళ్ళు వల మీంచే రోజ్ క్యాన్‌తో పొయ్యండి, పొద్దున పూట. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలిచి నారుకుళ్ళు వస్తుంది. కలుపు తియ్యడానికి వల ఎత్తాల్సి వస్తే పొద్దువాలాక ఎత్తండి, దోమ ఎండ పూట ఎగిరే పురుగు. ఒకవైపే ఎత్తండి, పని కాగానే మళ్ళీ పూడ్చండి. పిల్లలు ఉత్సాహంగా ‘మొలిచిందా’ అని ఎత్తి చూస్తుంటారు, వాళ్ళకు కూడా చెప్పి పెట్టండి. భారీ వాన వచ్చే రాత్రి వల మీదే పాలిథిన్ పట్టా కప్పి, కొసలు తెరిచి ఉంచండి. తెల్లవారగానే తియ్యాలి. ఎండెక్కాక పట్టా ఉంటే నారు ఉడికిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం అయితే వల మీద నాలుగు కొబ్బరి మట్టలు వెయ్యండి, సాయంత్రం తీసెయ్యండి. పీకే ముందు నాలుగైదు రోజులు నీళ్ళు తగ్గించి, నీడ పూర్తిగా తీసేసి నారును గట్టిపరచాలి. వల మాత్రం పీకే రోజు దాకా ఉండాల్సిందే.

మిరప రైతులకు ఒక మాట దాచకుండా చెప్పాలి. తామర పురుగు తెల్లదోమ కన్నా సన్నం. 40 మెష్‌లో అది దూరుతుంది. లోపల నీలం రంగు జిగురు అట్టలు పెట్టుకుంటే కొంత చిక్కుతుంది, అంతే. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్ మిరప చేలను ఎలా ఊడ్చేసిందో మీరంతా చూశారు. అది చేలో, పూత మీద పడింది. ఈ కమాన్లు ఆనాడు ఉన్నా ఆ పురుగును ఆపేవి కావు. కప్పు కింద ఆరోగ్యంగా పెరిగిన నారుకు కూడా చేలోకి వెళ్ళాక చుట్టూ రెండు మూడు వరసల జొన్నో మొక్కజొన్నో గట్టు పంటగా ఉండాలి, పసుపు అట్టలుండాలి. ఏ ఒక్క పనితోనూ అన్నీ తీరిపోతాయని మన సంఘం ఎప్పుడూ చెప్పదు. అలా చెప్పేవాళ్ళు మందుల షాపులో దొరుకుతారు.

ఖర్చు చూద్దాం. మా మండలంలో వేసిన లెక్క ఇది. నాలుగు మళ్ళకు ఎనభై చదరపు మీటర్ల వల, మీటరు ముప్పై రూపాయల వంతున 2,400. రెండు బొంగులు, చీల్చిన కూలి, పురికొస కలిపి 700. మొత్తం 3,100. వలను పని కాగానే ఉతికి, ఆరబెట్టి, ఎలుకలు కొట్టకుండా అటక మీద పెడితే మూడు కాలాలు వస్తుంది. ఏడు వేల ఐదు వందల నారు మొక్క రూపాయికి కొంటే ఎంతో మీకు తెలుసు. మన నారుకు విత్తనం ఖర్చు, ఇంటి మనిషి చాకిరీ ఉన్నాయి, వాటిని లెక్కలో దాచడం లేదు. ముఖ్యంగా ఆడవాళ్ళ చాకిరీ. నీళ్ళు పోసేది, కలుపు తీసేది ఎక్కువగా వాళ్ళే. ఇంటాయన మడి కట్టి చేతులు దులుపుకుంటే ఈ పని నిలబడదు.

ఇప్పుడు సబ్సిడీ సంగతి. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 నాటి మార్గదర్శకాల్లో పైపులతో కట్టే షేడ్‌నెట్ హౌసుకు చదరపు మీటరుకు 710 రూపాయల ఖర్చు లెక్కగట్టి, సగం సబ్సిడీ, ఒక లబ్ధిదారుకు 4,000 చదరపు మీటర్ల దాకా అన్నారు. అంటే సుమారు ఎకరం. దాని ఖర్చు 28 లక్షల 40 వేలు, అందులో ప్రభుత్వం వాటా 14 లక్షల 20 వేలు. మిగతా 14 లక్షల 20 వేలు పెట్టగలిగినవాడే ఆ సబ్సిడీ అందుకుంటాడు. అదే కాగితంలో చిన్న ప్లాస్టిక్ టన్నెళ్ళకు చదరపు మీటరుకు 60 రూపాయలు, దానిలో సగం, వెయ్యి మీటర్ల దాకా అని ఉంది. మన నాలుగు మళ్ళు ఇరవై అయిదు చదరపు మీటర్లు. లెక్క కడితే మన వంతు సబ్సిడీ 750 రూపాయలు. 750 రూపాయలకు ఎవరు ఫైలు తెరుస్తారు? మనం ఆఫీసు చుట్టూ తిరిగే బస్సు చార్జీలే అంతకన్నా ఎక్కువ.

పైగా కౌలు రైతు ఆ గడప కూడా తొక్కలేడు. పాసు పుస్తకం అడుగుతారు. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కుల కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి, పదకొండు నెలలకే అది చెల్లిపోతుంది. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టినప్పుడే కౌలుదారును పక్కన పెట్టారు. పరాయి భూమిలో ఇనప పైపులు పాతి షేడ్‌నెట్ కట్టే కౌలు రైతు ఎవరైనా ఉంటాడా? కట్టనిచ్చే యజమాని ఉంటాడా? ఈ కమాన్లకు ఆ బాధ లేదు. కౌలు మారితే పీకి, కట్టకట్టి, సైకిలు మీద పెట్టుకుని కొత్త చేనుకు పోవచ్చు. మా పక్క ఊళ్ళో ఒక కౌలు రైతు దంపతులు మూడేళ్ళలో మూడు చోట్ల చేను మారారు. అవే కమాన్లు, అదే వల. చిరిగిన చోట ఆమె సూది దారంతో కుట్టింది.

అందుకే మనం అడగబోయేది ఇది. ఒక్కొక్కరికి 750 రూపాయల ఫైలు కాదు. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల్లో, తెలంగాణలో రైతు వేదికల ద్వారా 40 మెష్ వలను మీటర్ల లెక్కన కోసి, సగం ధరకు అమ్మాలి. షాపుల్లో రోలు మొత్తం కొనమంటున్నారు, ఎకరం రైతు రోలు ఏం చేసుకుంటాడు? పాసు పుస్తకంతో పని లేకుండా, ఊళ్ళో ఎవరు నారు పోస్తున్నారో చూసి ఇవ్వాలి. వల మీద మెష్ ఎంతో ముద్ర ఉండాలి. కేంద్రం నుంచి అది వచ్చేదాకా మనమే పదేసి కుటుంబాలు కలిసి ఒక రోలు తెచ్చి పంచుకోవాలి. మా మండలంలో మూడు ఊళ్ళు అలా మొదలుపెట్టాయి.

నారు కాలం అయిపోయాక కమాన్లు ఖాళీగా పెట్టకండి. వాన కాలంలో పాలకూర, మెంతికూర మీద కప్పితే చినుకు దెబ్బకు ఆకు చిట్లదు. ఎండాకాలం కొత్తిమీరకైతే ఇదే కమాను మీద షేడ్‌నెట్ వేసుకోవచ్చు, ఇక్కడ ఆ పచ్చ నెట్ సరైనదే. కోళ్ళు, నెమళ్ళు మొలకలు పీక్కుతినకుండా కూడా పనికొస్తుంది. కోతుల సంగతి మాత్రం అడక్కండి, వాటికి వల ఎత్తడం మనకన్నా బాగా వచ్చు.

మైకు దగ్గర నిలబడి బద్ద వంచడం చూపించలేం. ఈ హాలు వెనక మడి కట్టి ఉంది, రాత్రి నానేసిన బద్దలు తొట్టిలో ఉన్నాయి. టీ తాగి అందరూ అటు రండి. ఊరికి ఇద్దరు చొప్పున బద్ద చెక్కాలి, అందులో ఒకరు తప్పకుండా అక్కచెల్లెళ్ళలో నుంచి. రోలు కోసం పేర్లు రాయించేవాళ్ళు ఎన్ని మళ్ళో, ఏ పంటో, ఏ నెలలో నారు పోస్తారో కూడా చెప్పి రాయించండి. సొంత భూమా కౌలా అన్న గడి ఆ కాగితంలో పెట్టలేదు.